వారం రోజుల మసి

ఆ కప్పిన పట్టా తియ్యమ్మాయ్. నెమ్మదిగా, పైకెత్తి తియ్యి, ఈడ్చకు. ఈడిస్తే మసి రాలుతుంది. ఊఁ, అదీ. చూశావా? అయిదడుగులుంది. ఇనప రేకు, ఇత్తడి గొట్టాలు, లోపలంతా డొల్ల. కదలదు మెదలదు, ఒట్టి రైలింజిను బొమ్మ. మా అన్నయ్య కుటుంబరావు కట్టాడు, మీ నాన్న బెన్ని రంగేశాడు. రంగేశాడు అనకూడదులే, ఆ మాటంటే నవ్వేవాడు. "రంగెయ్యడం మూడు రోజుల్లో అయిపోయింది అమ్మగారూ, వయసు పెట్టడానికే నెలన్నర పట్టింది" అనేవాడు. కుర్చీ లాక్కో జాయిసూ. నీకు డ్యూటీ ఎన్నింటికి? నందిగామ బస్సులు సాయంత్రం దాకా ఉంటాయిలే, కంగారుపడకు. కంగారు నాకుంది, నీకెందుకు. మా అన్నయ్య మనవడు సుశాంత్ లేడూ, వాడు దీన్ని నందిగామలో ఏదో స్కూలుకిస్తాట్ట. ఇస్తే ఇచ్చాడు, రేపు పొద్దున్నే కారు షెడ్డు వాణ్ని తీసుకొస్తున్నాడు. "బామ్మా, ఇదేంటి ఇంత అసహ్యంగా ఉంది, తుప్పూ మసీను, పిల్లలు జడుసుకుంటారు, ఆకుపచ్చ కొట్టించి ఎర్ర గీతలు పెట్టిస్తా" అన్నాడు. ఒరే నాయనా అది తుప్పు కాదురా, రంగే అంటే వినడు. గీకి చూపించమంటాడు! గీకితే ఇంకేం మిగులుతుంది? అందుకే నీ నంబరు కోసం నాలుగు రోజులు నానా తంటాలు పడ్డా. నీకు చూపించాల్సింది ఇదుగో, ఈ ఎడం పక్క. బాయిలర్ మీద బెత్తెడు చార ఉంది చూడు, అడుగున తెల్లగా, పైన నల్లగా. మీ తాత ఇస్సాకు ఆ రోజు బండి మీద నిద్రపోలేదు. దానికి ఈ లోకంలో ఉన్న సాక్ష్యం ఈ బెత్తెడు మసే. రేపు మధ్యాహ్నానికి దీని మీద ఆకుపచ్చ పడిపోతుంది.

నీకెంతవరకు తెలుసు? అంతేనా? లూర్దమ్మ చెప్పి ఉండదులే, ఆ ఊసెత్తితేనే లేచి వెళ్లిపోతుందట మీ నాయనమ్మ. సరే, మొదట్నుంచీ చెప్తా. డెబ్భై ఒకటిలో సంగతి. మా అన్నయ్య గూడ్సు బండి డ్రైవరు, మీ తాత ఆ బండికే ఫైర్‌మన్. బొగ్గు ఇంజిన్లమ్మా అప్పట్లో. మన జగ్గయ్యపేటకి చూడబోతే రైలే లేదు, ఇప్పటికీ సిమెంటు వ్యాగన్లు తప్ప మనుషులెక్కే బండి లేదు. అలాంటి ఊళ్లో మా అన్నయ్య డ్యూటీ దిగి వస్తే ఏదో కలెక్టరు వచ్చినట్టు చూసేవాళ్లు. అదలా ఉంచు. బొగ్గు ఇంజిన్‌కి ప్రాణం నీళ్లు. బాయిలర్‌లో నీళ్లు ఒక గీత కిందికి దిగకూడదు. దిగిందా, పొయ్యి కప్పులో సీసం బిళ్ల ఒకటుంటుంది, అది కరిగిపోయి ఆవిరంతా లోపలికి తన్నుకొస్తుంది. అందుకని నీళ్లు ఎక్కించడానికి రెండు పంపులు పెట్టారు. ఎడం పక్కది డ్రైవరుది, కుడి పక్కది ఫైర్‌మన్‌ది. ఆ రోజు బిళ్ల కరిగింది. మీ తాతకి కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ ఇటు పక్కంతా ఉడికిపోయింది. విచారణ పెట్టారు. మా అన్నయ్య ఏం చెప్పాడూ, "నా పంపు బాగానే ఉందండి, నేను సిగ్నల్ చూసుకుంటున్నా, నీళ్లు చూడమని వాడికి చెప్పా, వాడు కునుకు తీశాడు" అన్నాడు. మీ తాత చేతికి కట్టుతో వచ్చి, "లేదయ్యా, డ్రైవరుగారి పంపు ఎక్కట్లేదు, నా ఒక్కడి పంపూ చాల్లేదు" అన్నాడు. పుస్తకం తెప్పించారు. షెడ్డులో రిపేర్ల పుస్తకం ఉంటుంది, బండిలో ఏది చెడినా డ్రైవరు అందులో రాయాలి. అందులో లేదు. రాసి లేకపోతే చెడనట్టే. విప్పి చూస్తే పంపు చెడే ఉంది, "అది ఆవిరి తన్నినప్పుడు చెడిందండి" అన్నాడు మా అన్నయ్య. అయిపోయింది. ఆయన్ని మందలించి వదిలేశారు, మీ తాతని ఇంటికి పంపించారు. ఊళ్లో ఆయనకి పేరేం పెట్టారో తెలుసా? తెలుసా, అది మాత్రం తెలుసు. నిద్రపోతు ఇస్సాకు. మీ నాన్న బళ్లోకెళ్తే "ఒరే నిద్రపోతోడి కొడకా, లేరా, బండొచ్చింది" అనేవాళ్లట. నువ్వు చెప్పు, మీ నాన్న పగలు కునుకు తియ్యగా ఎప్పుడన్నా చూశావా? చూసి ఉండవు. ఈ వెనక రేకుల షెడ్డులో నెలన్నర ఉన్నాడు, రోహిణి కార్తె ఎండల్లో, భోజనాలయ్యాక ఇంట్లో అందరం తూలిపోతుంటే అతను నిలబడే ఉండేవాడు. కూచోవయ్యా అంటే, "కూచుంటే కళ్లు మూతబడతాయమ్మగారూ, ఎవరన్నా చూస్తారు" అనేవాడు. నలభై ఏళ్ల మనిషి, అంత పనిమంతుడు, ఎవరన్నా చూస్తారని భయం!

ఇంతకీ ఎక్కడున్నా? ఆఁ. మా అన్నయ్య రిటైరై వచ్చాక ఊరికే కూచోలేక ఈ బొమ్మ మొదలెట్టాడు. మా వదిన పోయింది, మా ఆయనా పోయాడు, నేనొచ్చి ఈ ఇంట్లోనే వండిపెడుతుండేదాన్ని. మూడేళ్లు కట్టాడు. రేకు కోసేవాడు, అతికేవాడు, బాగాలేదని మళ్లీ పీకేవాడు. కట్టడం అయ్యాక రంగుకి మనిషి కావాలి. గరికపాడు దగ్గర రోడ్డు మీద లారీలకి రంగులేసే బెన్ని ఉన్నాడు, అతనేసిన నెమలిని చూస్తే పురి విప్పుతుందేమోనని ఆగిపోతాం అన్నారెవరో. కబురు పెట్టాడు. ఎవరి కొడుకో తెలిసి పిలిచాడా, తెలియక పిలిచాడా? నాకిప్పటికీ సందేహమే. మీ నాన్న మాత్రం తెలిసే వచ్చాడు. లూర్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిందట. "మీ నాయన్ని ముంచినోడి బండికి రంగేసొస్తావా, చెయ్యెట్టా ఆడుద్దిరా నీకు?" అందట. "రంగెయ్యడానికి కాదమ్మా, ఆయన మొహం చూసొస్తా" అన్నాట్ట. ఇవన్నీ తర్వాత్తర్వాత నాతో చెప్పినవి, టీ గ్లాసు గోడ మీద పెడితే తాగుతూ. గోడ మీదే పెట్టేదాన్ని, లోపలికి పిలవలేదు, ఉన్నమాటే చెప్తున్నా. సరే, వచ్చిన రోజు గేటు దగ్గరే, "బెన్నినండి, ఫైర్‌మన్ ఇస్సాకు కొడుకుని" అన్నాడు. మా అన్నయ్య పేపరు మడిచి, అతని వైపు చూడకుండానే, "రంగులు తెచ్చుకున్నావా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఆ పేరెత్తితే ఒట్టు. నాకేమో పోపు మాడిపోతున్నా చెవులు షెడ్డులోనే. ఇవాళ అంటాడు, రేపు అంటాడు, ఎవరు ముందంటారు, అన్నాక ఏమవుతుంది అని.

మొదటిసారి ఏం చేశాడో చెప్తా, నవ్వొస్తుంది. లారీ పెయింటరు కదా, మూడు రోజుల్లో బండిని అద్దంలా చేశాడు. నల్ల ఎనామిల్ తళతళా. అంచులకి ఎర్ర గీత, చక్రాలకి పసుపు చుక్కలు, ముందు మొహాన ఒక తామరపువ్వు కూడానూ. మా అన్నయ్య చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏమయ్యా, ఇది ఇంజినా పెళ్లికొడుకా? ఇంకా నయం, దిష్టికి నిమ్మకాయ కట్టలేదు!" మీ నాన్న జేబులోంచి నిమ్మకాయ తీసి చూపించాడు, కట్టబోతున్నాట్ట అప్పుడే. మా అన్నయ్య పకపకా నవ్వాడు. నవ్వి చప్పున ఆపుకున్నాడు, ఎవరితో నవ్వుతున్నాడో గుర్తొచ్చినట్టు. "చూడూ, ఇది అప్పటికి పదేళ్లు నడిచిన బండి. ఎండకి ఎండి వానకి తడిసి, నూనె కారి, బొగ్గు రాలి, మొహం వాచినట్టుండేది. నేను దాని మీద చివరిసారి ఎక్కిన పొద్దున ఎట్లా ఉందో అట్లా కావాలి నాకు. దీనికి వయసు పెట్టు" అన్నాడు. చివరిసారి ఎక్కిన పొద్దున. ఆ పొద్దున ఏదో నాకు తెలుసు, మీ నాన్నకీ తెలుసు. బిళ్ల కరిగిన రోజే. ఆ తర్వాత ఆయన్ని వేరే బండి మీదికి మార్చారు కదా. మీ నాన్న మొహం ఒక్కసారి మారింది, మళ్లీ సర్దుకున్నాడు. "గట్లనే సార్" అన్నాడు, అటేపు లారీవాళ్ల మాట.

ఇక చూడు. పెట్టిన మెరుపంతా గరుకు కాగితంతో తోమి చంపేశాడు. నూనె తక్కువా టర్పెంటైను ఎక్కువా కలిపి నీళ్లలాంటి నల్లరంగు పూశాడు, బొగ్గు గోడకి ఆనుకుంటే చీరకంటేది చూడూ, అలాంటి నలుపొచ్చింది. తుప్పు కోసం ఇనప రజను తెచ్చి నా పుల్లమజ్జిగలో నానేశాడు. నా గిన్నె పోయింది. కిరసనాయిలు దీపం మీద పళ్లెం బోర్లించి మసి పట్టాడు, సిమెంటు లారీల కింద దుమ్ము ఊడ్చుకొచ్చాడు, ఇటుకపొడి నూరాడు. నూరింది నూరినట్టు చల్లలేదు. మొదట చల్లితే మా అన్నయ్య ఒప్పుకోలేదు, ఇది దుమ్ములా లేదు, బండి మీద కంకర పోసినట్టుంది అన్నాడు. మీ నాన్న రెండు రోజులు ఆలోచించి, "అవును సార్, అసలు బండి రూపాయైతే ఇది అణా. అణా బండికి దుమ్ము కూడా అణా వంతే ఉండాల" అని, పాత పంచె గుడ్డలో మూడుసార్లు జల్లించి, కుంచెతో కాకుండా ఊదుతూ పట్టించాడు. అక్కణ్ణుంచి అతని కన్ను తిరిగింది. లారీల చుట్టూ తిరిగి ఎక్కడ ఏ మరక ఎట్లా జారుతుందో చూసొచ్చేవాడు. తుప్పు బోల్టు దగ్గర పుట్టి కిందికే జారాలి, పక్కకి పోకూడదు. చెయ్యి పట్టుకునే కడ్డీ మాత్రం నున్నగా మెరవాలి, ఎందుకంటే రోజూ చెమట చేతులు రాస్తాయి. ఆ కడ్డీ దగ్గర మా అన్నయ్య కళ్లు మూసుకుని చెయ్యి చాపి గాలిలో పట్టుకుని చూపించాడు, "ఇదిగో ఇక్కడ, ఈ నాలుగు వేళ్లంత మేర" అని. ఆ చెయ్యి చూస్తూ మీ నాన్న నిలబడిపోయాడు. వాళ్లకది పని, నాకు మాత్రం ప్రాణసంకటం. ఈయనకా ఏ అబద్ధమూ పడదు బొమ్మ మీద. చిన్న మరక తప్పుంటే ఒప్పుకోడు. ఇట్లా ఒక్కో మరకా నిజమే పెట్టించుకుంటూ పోతే ఎక్కడికి పోయి తేలుతుందో ఆయనకి తట్టలేదా? నాకు తట్టింది. ఆపుదామనుకున్నా. "ఇంక చాల్లే అన్నయ్యా, బాగానే ఉంది కదా" అన్నా. "నీకేం తెలుసు, కూచో" అన్నాడు.

తేలింది. సున్నం దగ్గర తేలింది. పంపు నుంచి వచ్చే గొట్టం బాయిలర్‌కి కలిసే చోట ఎప్పుడూ కాస్త కారుతుందట. కారిన నీళ్లు వేడికి అక్కడికక్కడే ఆవిరైపోయి తెల్ల చార కడుతుంది, మన పేట నీళ్లకి కాగు అడుగున పెచ్చు కట్టదూ, అట్లాగ. మీ నాన్న నా కాగు బోర్లించి ఉలితో ఆ పెచ్చే లేపాడు, చిల్లు పడుతుందయ్యా అని నేను మొత్తుకుంటున్నా. మెత్తగా నూరి కుడి పక్క ముందు పెట్టాడు, ఫైర్‌మన్ పక్క. తెల్లగా, తడిగా, ఇప్పుడే కారి ఆరినట్టు. మా అన్నయ్య చూసి తల ఊపాడు. "ఇటు కూడా అట్టాగే పెట్టనా సార్?" అన్నాడు మీ నాన్న, ఎడం పక్కకొచ్చి. "వద్దు. ఇటు పాత తెలుపు. అది పెట్టి, ఆరాక దాని మీద మసి పట్టించు." "ఎంత మసి సార్?" "వారం మసి." నేను బియ్యం ఏరుతున్నా ఆ గుమ్మంలో. చేట చేతిలోనే ఉండిపోయింది. మీ నాన్న కుంచె ముంచాడు, మళ్లీ తీశాడు. నెమ్మదిగా, ఎవరికో లెక్క అప్పజెప్తున్నట్టు అన్నాడు, "సార్, నీళ్లు కారే చోట మసి నిలవదు. ఎప్పటికప్పుడు కడుక్కుపోద్ది. మసి నిలిచిందంటే నీళ్లు కారట్లేదు. కారట్లేదంటే ఆ గొట్టంలోకి నీళ్లు రావట్లేదు." మా అన్నయ్య గొట్టం మీదికి వంగి చూశాడు. "పంపు ఎక్కట్లేదా సార్?" "ఎక్కట్లేదు." "ఆ పొద్దునే చెడిందా సార్?" "చెప్పాను కదయ్యా. వారం." చూడు, అబద్ధం చెప్పొచ్చు కదా! ముప్ఫై అయిదేళ్లు చెప్పినవాడు ఇంకొక్కటి చెప్పలేడా? ఆ పొద్దునే అంటే అయిపోయేది. చెప్పలేకపోయాడు, ఎందుకంటే మసి తప్పొస్తుంది. మనిషి కోసం చెప్పలేని నిజం మరక కోసం చెప్పాడు మా అన్నయ్య. మంచితనం అనుకోకు, నేననుకోను. మీ నాన్న ముంచిన కుంచెని గుడ్డకి తుడిచాడు. కుంచె కింద పెట్టి, బొటనవేలితో మసి తీసుకుని, అద్దాడు. ఇదుగో ఇది. ఒకటి, రెండు, మూడు... ఏడుసార్లు అద్దాడు, ఒక్కోసారీ ఆరనిచ్చి. రోజుకొకటన్న మాట. తిడతాడేమో, బొమ్మ ఎత్తి పడేస్తాడేమో అని నేను బిగుసుకుపోయి కూచున్నా. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చాడు. పనికి కాదు. గేటు దగ్గరే నిలబడి, "సార్, ఇదే ముక్క ఒక కాగితం మీద రాసివ్వండి. ఆఫీసులకి కాదు సార్, నాయన ఎటూ లేడు. అమ్మకి చూపిస్తా" అన్నాడు. మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "బండి మీద రాయించాను కదా, ఇంకా కాగితం దేనికి?" మీ నాన్న, "ఆ రాత మా అమ్మకి చదవడం రాదు సార్" అన్నాడు. "రేపు చూద్దాం" అన్నాడు మా అన్నయ్య. మర్నాడు మీ నాన్న వచ్చాడు. ఈయన ఒంట్లో బాగాలేదన్నాడు. ఇంకో వారానికి మళ్లీ వచ్చాడు మీ నాన్న. గేటు చప్పుడు వినగానే మా అన్నయ్య మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు గానీ కాలి బొటనవేలు ఆడుతూనే ఉంది. మీ నాన్న కిటికీలోంచి చూశాడు. ఆ వేలే చూశాడు. చూసి, నా వైపు తిరిగి, "నిద్రపోతున్నారా అమ్మగారూ?" అన్నాడు. నేను "అవునయ్యా" అన్నా. "పోన్లెండి, లేపకండి" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. రెండేళ్లకి మా అన్నయ్య పోయాడు, ఆ మరుసటేడు జ్వరమొచ్చి మీ నాన్నా పోయాడని విన్నా. నువ్వప్పుడు ఎంత, పదేళ్ల దానివా?

ఏంటమ్మా? ఆయన పుస్తకంలో ఎందుకు రాయలేదు అనా? రాస్తే బండి ఆపేస్తారు, ఆపితే... ఆపితే ఏముంది, రిపేరయ్యేదాకా షెడ్డులోనే కాచుకుని ఉండాలి. సెలవు పోతుంది. సెలవు దేనికంటే, ఆ లక్ష్మివారం మాకు ఇంట్లో పనుంది. జి.కొండూరు నుంచి పెళ్లివారు వస్తున్నారు, చూపులకి. ఎవరికేంటి, నాకే. అప్పటికి రెండు సంబంధాలు తప్పిపోయాయి, నాన్న లేరు, అన్నయ్యే పెద్దదిక్కు, ఆయన లేకపోతే మాట్లాడేవాళ్లు లేరు. ముందు వారమే ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ చెప్పాడు, ఇంజిన్‌లో పంపు ఎక్కట్లేదు, రాస్తే ఆపేస్తారు, ఎట్లాగా అని. ఆ సంబంధమే కుదిరింది, ముప్ఫై మూడేళ్లు కాపురం చేశా, మనిషి మంచివాడే. ఆఁ, బుధవారం బిళ్ల కరిగింది. లక్ష్మివారం పొద్దున్నకి మా అన్నయ్య ఇంటికొచ్చాడు, చొక్కా మార్చుకుని పెళ్లివారికి ఎదురెళ్లాడు. నేను పట్టుచీర కట్టుకున్నా. మీ తాత ఆస్పత్రిలో ఉన్నాడు.

కాగితమా? ఊఁ. అడుగుతావనే అనుకున్నా. ఫొటో తీసుకున్నావు కదా మసిని, చాలదూ? చాలదులే. నాయనమ్మకి చదివి వినిపించాలి, నిజమే. ఆ టేబుల్ సొరుగులో తెల్ల కాగితాలున్నాయి, పెన్ను నీ దగ్గరుందా? నువ్వే రాయి, నేను చెప్తా, నాకు చెయ్యి నిలవదు, సంతకం మాత్రం పెడతా. రాయి. జగ్గయ్యపేట, తారీఖు వెయ్యి. "లూర్దమ్మకు." గారు పెట్టు, లూర్దమ్మగారికి. "మీ ఆయన ఇస్సాకుగారు ఆ రోజు బండి మీద నిద్రపోలేదు. డ్రైవరు పంపు చెడిపోయి వారమైంది. ఆ సంగతి ముందే తెలుసు. పుస్తకంలో రాయలేదు." రాశావా? అంతే. ఇటివ్వు, సంతకం... ఏం, ఏంటి? తెలుసు అంటే ఎవరికి తెలుసు అనా? ఎవరికంటే... అర్థం కాదూ? అవునులే. అట్లా వదిలేస్తే ఎవరికైనా తెలిసుండొచ్చు. సరే, "మా అన్నయ్య కుటుంబరావుకి ముందే తెలుసు" అని రాయి.

ఆగు. కొట్టెయ్యి అది. "రాయకపోతే ఏమవుతుందిలే అన్నయ్యా" అన్నది ఎవరు మరి? పెరుగు వడ్డిస్తూ అన్నా. "మా అన్నయ్యకీ నాకూ" అని రాయి.

రాశావా? ఏదీ, చదువు.